ప్లానార్ హెడ్‌ఫోన్‌కు ఇంట్లో చేసుకునే మార్పులు: పనంతా గాలితోనే

ప్లానార్ హెడ్‌ఫోన్ కొన్నవాళ్లలో చాలామంది నెల తిరక్కముందే స్క్రూడ్రైవర్ వెతుక్కుంటారు. కొత్తలో అంతా బాగానే ఉంటుంది. గొంతు విడిగా, తంబుర విడిగా, వెనక ఎక్కడో వేసిన తాళం కూడా విడిగా వినిపిస్తుంటే సంబరంగా ఉంటుంది. తర్వాత ఒకరోజు డప్పులున్న పాట పెట్టుకుంటే "ఇంత డబ్బు పోస్తిమి, దెబ్బ ఏదప్పా?" అనిపిస్తుంది. వెతుకులాట అక్కడ మొదలవుతుంది. ప్యాడ్లు మార్చమని ఒకరంటారు, లోపల దూది కుక్కమని ఇంకొకరు, వెండి వైరు వేయించుకోమని మరొకరు. ఈ సలహాలన్నీ ఒకే బరువున్నవి కావు. కొన్నిటితో నిజంగా తేడా వస్తుంది, కొన్నిటితో తేడా వచ్చినట్టు అనిపిస్తుందంతే, ఒకటి రెండు మాత్రం శబ్దం పుట్టించే డ్రైవర్‌నే చంపేస్తాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవాలంటే ఒకటే చూడాలి: ఆ మార్పుతో గాలి కదిలే తీరు మారుతోందా లేదా.

మామూలు హెడ్‌ఫోన్‌లో ఒక చిన్న గోపురం లాంటి పొర, దాని అంచుకు తీగచుట్ట ఉంటాయి. చుట్ట కదిలితే పొర కదులుతుంది. ప్లానార్‌లో చుట్ట ఉండదు. పతంగి కాగితం కంటే పలచనైన ప్లాస్టిక్ ఫిల్మ్ మీద సన్నటి లోహపు దారులు అటూ ఇటూ మెలికలు తిరిగి ఉంటాయి, ఆ ఫిల్మ్‌కు ఒకవైపో రెండువైపులానో అయస్కాంత కడ్డీలు వరసగా ఉంటాయి. దారుల్లో కరెంటు పారినప్పుడు ఫిల్మ్ దాదాపు మొత్తంగా ఒక్కసారే ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. యమహా 1976లోనే హెచ్‌పీ-1 అనే హెడ్‌ఫోన్‌ను ఈ పద్ధతిలో తెచ్చింది, దాని రూపం గీసింది ఇటలీ డిజైనర్ మారియో బెల్లిని. ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీ అనే హెడ్‌ఫోన్ కూడా ఆ కాలపు ఆలోచనకు వారసురాలే, దాని సంగతి కింద ఎక్కువగానే వస్తుంది.

ఇంత వెడల్పుగా, ఇంత తేలికగా ఉన్న ఫిల్మ్‌కు ఎదురయ్యేది ముఖ్యంగా గాలే. మన పల్లెల్లో డప్పు కొట్టేముందు మంటకు కాచి చర్మానికి బిగువు తెస్తారు, బిగువు తగ్గితే మళ్లీ కాస్తారు, అక్కడ బిగువు వాయించేవాడి చేతిలో ఉంటుంది. ప్లానార్ ఫిల్మ్ బిగువు మాత్రం ఫ్యాక్టరీలోనే కట్టేసి పంపుతారు. దాన్ని బిగించలేం, వదులు చేయలేం, దాని మీద ఏమీ అంటించకూడదు, మృదంగం ఎడమవైపు రవ్వముద్ద పెట్టి నాదం దించినట్టు ఇక్కడ కుదరదు. మన చేతిలో ఉన్నవి రెండే: ఫిల్మ్‌కు ముందున్న గాలి, వెనకున్న గాలి. ముందుగాలి అంటే చెవికీ డ్రైవర్‌కీ మధ్య ప్యాడ్ లోపల ఇమిడిన గాలి. వెనకగాలి అంటే డ్రైవర్ వెనక మూతలా ఉండే కప్‌లోనిది, లేదా కప్ తెరిచి ఉంటే బయటి గదిలోనిది.

ముందుగాలి నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే బేస్, అంటే డప్పు దెబ్బలాంటి కింది స్వరాల మోత, లేదన్న ఫిర్యాదు ఎక్కువగా ఇక్కడే తీరిపోతుంది. ప్యాడ్ తలకు గట్టిగా అంటుకుని సందు లేకుండా ఉంటే, ఫిల్మ్ నెట్టిన గాలి బయటికి పోలేక చెవి మీదే ఒత్తిడిగా మారుతుంది. మంచి ప్లానార్లలో బేస్ 30 హెర్ట్జ్ దాకా వాలిపోకుండా నిలబడటానికి కారణం అదే. సందు ఉంటే ఆ ఒత్తిడి కారిపోతుంది, పైగా నిదానంగా ఊగే కింది స్వరాలే ముందు కారిపోతాయి, ఎందుకంటే గాలి తప్పించుకోవడానికి వాటికి కావలసినంత టైము దొరుకుతుంది. గొంతులూ వయొలిన్లూ మాత్రం ఎప్పటిలాగే వినిపిస్తాయి, అందుకే లోపం ప్యాడ్‌లో ఉందని తట్టదు, డ్రైవరే బలహీనమని అనుకుంటారు.

దీన్ని పరీక్షించడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ఫోన్‌లో 40 హెర్ట్జ్ టోన్ ఒకటి తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుని, రెండు అరచేతులతో ప్యాడ్ అంచుల్ని మెల్లగా తలవైపు అదమాలి. మోత ఒక్కసారిగా పెరిగితే సందు ఉన్నట్టే. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి వింటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, ఆ సన్నని కాడ చెవి వెనక చేసే సందు అంతా ఇంతా కాదు. అదిమేటప్పుడు మెల్లగా అన్న మాట మరిచిపోవద్దు. మూసి ఉన్న గాలిని ఒక్కసారిగా నొక్కితే ఫిల్మ్ వెళ్లి అయస్కాంతాలకు కొట్టుకుంటుంది, చిట్‌మని చిన్న శబ్దం వస్తుంది. ఒకసారి వచ్చినంత మాత్రాన కొంప మునగదు కానీ, పదేపదే అయితే ఫిల్మ్ మీద మడత పడవచ్చు. పడిన మడతను సాపు చేసే దారి లేదు.

సందు రెండు చోట్ల ఉండొచ్చు. తలకూ ప్యాడ్‌కూ మధ్య ఉన్నది అందరికీ తెలుస్తుంది. ప్యాడ్‌కూ దాన్ని తగిలించే పలకకూ మధ్య ఉన్నది ఎక్కువమంది చూడరు. ప్యాడ్ వెనక పెదవి లాంటి అంచు సాగిపోయినా, ప్లాస్టిక్ రింగు ఒకవైపు లేచినా గాలి అటునుంచి పోతుంది. స్టేషనరీ అంగట్లో దొరికే పలచటి ఫోమ్ టేపు ఆ రింగు చుట్టూ ఒక వరస వేస్తే చాలు. చాలా చిన్న పని, పాతిక ముప్పై రూపాయల సరుకు. ఖరీదైన మార్పులన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే.

తర్వాత ప్యాడ్. మే నెలలో కర్నూలులో మధ్యాహ్నం పూట తోలు ప్యాడ్లు చెవులకు పెట్టుకుని కూర్చోవడం ఎవరి తరమూ కాదు. పది నిమిషాల్లో చెమట కారిపోతుంది, అందుకే చాలామంది వెల్వెట్ ప్యాడ్లకు మారతారు. ఒంటికి హాయే, కానీ వెల్వెట్ గుడ్డలోంచి గాలి పోతుంది, దాంతోపాటు కింది బేస్ కొంత పోతుంది. మారిన రోజు "సౌండ్ విశాలమైంది" అనిపించేదాంట్లో కొంత భాగం బేస్ తగ్గడం వల్ల వచ్చే భ్రమ. మధ్యేమార్గం ఉంది: చర్మానికి తగిలే ముఖం గుడ్డతో, బయటి చుట్టు తోలుతో చేసిన ప్యాడ్లు. చెమటా తక్కువే, గాలీ పెద్దగా కారదు. ఈ ఎండలకు ఇవే సరైనవి. కృత్రిమ తోలు అయితే చెమటా తలనూనే తగిలి తగిలి పొరలు పొరలుగా రాలడం మొదలవుతుంది. పాట అయిపోగానే మెత్తటి పొడిగుడ్డతో తుడిచి పెడితే ఇంకొన్నాళ్లు వస్తాయి. రాలడం మొదలయ్యాక మాత్రం ఆలస్యం చేయొద్దు, ఆ నల్లటి పొట్టు డ్రైవర్ మీదున్న గుడ్డపైకి చేరుతుంది.

ప్యాడ్ మందం మారినా శబ్దం మారుతుంది, ఈ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. చెవి డ్రైవర్‌కు దగ్గరైనా దూరమైనా చెవి డొప్ప దగ్గర ట్రెబుల్ (పై స్వరాలు) తిరిగి కొట్టే తీరు మారిపోతుంది, స, శ అక్షరాలు వినబడే 6,000 - 8,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఎత్తుపల్లాలు జరుగుతాయి. లోపలి రంధ్రం చిన్నదైతే ఒక తీరు, పెద్దదైతే ఇంకో తీరు. అందుకని ప్యాడ్ మార్చడం అంటే చెప్పులు మార్చినట్టు కాదు, ఆ హెడ్‌ఫోన్ స్వభావమే మార్చినట్టు. ఒరిజినల్ ప్యాడ్లు పారేయకుండా దాచుకోవాలి.

ఇక వెనకగాలి. ఇక్కడ ఫోస్టెక్స్ టీ50ఆర్‌పీ కథ చెప్పుకోవాలి, ఎందుకంటే ప్లానార్ మార్పుల సంగతంతా దాని చుట్టూనే పెరిగింది. గట్టి ప్లాస్టిక్ కప్, దాని మీద చీలికల్లాంటి గాలి దారులు, లోపల చిన్న చదరపు డ్రైవర్, దాని వెనక ఒక పలచటి పొర, విప్పడానికి మామూలు స్క్రూలు. ధర మరీ ఎక్కువ కాదు, డ్రైవర్ బాగుంటుంది, కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు గొంతులు ముందుకొచ్చి బేస్ వెనకబడినట్టు ఉంటుంది. సరుకు మంచిది, వంట సగంలో ఆపేశారు అన్నట్టు. అందుకే లోకమంతా దాన్ని విప్పింది. అమెరికాలో డాన్ క్లార్క్ దీన్నే మార్చి మ్యాడ్ డాగ్ అని, తర్వాత త్రీడీ ప్రింటింగ్‌తో కప్పులు చేసి ఆల్ఫా డాగ్ అని అమ్మాడు. ఇప్పుడు ఆయన కంపెనీ సొంత డ్రైవర్లతో పెద్ద ధరల హెడ్‌ఫోన్లు చేస్తోంది. జెడ్‌ఎంఎఫ్ అనే ఇంకో కంపెనీ కూడా ఇదే టీ50ఆర్‌పీని మార్చి అమ్ముతూ ఎదిగింది. ఇంట్లో టేబుల్ మీద దూదీ టేపుతో మొదలైన పని ఎంతదూరం పోగలదో చూపడానికి ఇవి చాలు.

వెనకగాలితో జరిగేది ఇది. ఫిల్మ్‌కు తనదైన ఒక ఊగే వేగం ఉంటుంది, ఉయ్యాలకు ఉన్నట్టే. ఆ వేగం దగ్గర వదిలేస్తే అవసరానికి మించి ఊగుతుంది, బేస్‌లో ఒకచోట గుబ్బ వస్తుంది, దెబ్బ ఆగాల్సిన చోట ఆగకుండా సాగుతుంది. ఫిల్మ్ వెనక గాలి పోయే దారికి కాస్త అడ్డం పెడితే, అంటే గాలి పూర్తిగా ఆగకుండా ఇరుకుగా దూరి పోయేలా చేస్తే, ఆ అదనపు ఊపు చల్లారుతుంది. ఎక్కువ అడ్డం పెడితే బేస్ మొత్తం ఎండిపోతుంది. తక్కువైతే గుబ్బ అలాగే ఉంటుంది. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పనిలోని నేర్పంతా.

ఆ అడ్డానికి ఇంట్లో చేసేవాళ్లకు దొరికే మంచి సరుకు మెడికల్ షాపులో ఉంది, కట్లు కట్టడానికి వాడే మైక్రోపోర్ టేపు. కాగితం లాంటిది, సన్న రంధ్రాలుంటాయి, గాలి దూరుతుంది కానీ తేలిగ్గా దూరదు. కప్ మీదున్న గాలి చీలికల మీద లోపలివైపు ఒక పొర వేసి వినాలి, చాలకపోతే రెండో పొర. నచ్చకపోతే మచ్చ లేకుండా ఊడి వస్తుంది. సెల్లో టేపు వేరు, అది గాలిని పూర్తిగా మూసేస్తుంది, లోపలి గాలి బిగుసుకుని ఫిల్మ్‌కు స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది, ఊగే వేగం పైకి జరుగుతుంది, ఆ కింద ఉండాల్సిన లోతైన బేస్ పలచబడుతుంది. రెండూ టేపులే కదా అనుకుంటే పొరపాటు.

దూది విషయంలో జరిగే తప్పు ఇంకా పెద్దది. ఆదోని పత్తి మార్కెట్ ఉన్న కర్నూలు జిల్లాలో దూదికి కరువా, కానీ జిన్నింగ్ నుంచి వచ్చిన ముడి పత్తి ఈ పనికి రాదు. దాంట్లో ఆకు నుసి, గింజ తునకలు, చిన్న చిన్న పోగులు ఉంటాయి. ఫిల్మ్‌కూ అయస్కాంతానికీ మధ్య ఖాళీ చాలా తక్కువ, ఒక్క పోగు లోపలికి పోయి ఫిల్మ్‌ను తాకితే చాలు, బేస్ వచ్చినప్పుడల్లా గరగరమని ఈగ ముసిరినట్టు మోత. తల వెంట్రుక ఒకటి దూరినా ఇంతే, డ్రైవర్ పోయిందనుకుని సర్వీసుకు పంపేవాళ్లున్నారు. సర్జికల్ దూది శుభ్రంగా ఉంటుంది, దాన్ని కూడా నేరుగా పెట్టకుండా పలచటి మల్లు గుడ్డలో చుట్టి పెట్టాలి. అంతకన్నా మంచిది గొర్రె ఉన్ని. అనంతపురం జిల్లాలో కురుబలు నేసే కంబళి ముక్క ఒకటి పాతది దొరికితే, ఉతికి ఆరబెట్టి, దులిపి, కప్ ఆకారానికి కత్తిరించి పెట్టుకోవచ్చు. గరుకు ఉన్ని పోగుల మధ్య గాలి బాగా రాసుకుంటుంది, శబ్దం వేడిగా మారి అక్కడే చల్లారుతుంది. ముక్క అంచుల్ని కుట్టేయాలి, లేకపోతే పోగులు రాలతాయి.

ఎంత పెట్టాలి అన్నదానికి "కుక్కినంత" అనే జవాబు ఒకటి వినిపిస్తుంటుంది. బేస్ రావాలని దూది కుక్కడం వృథా శ్రమ. శబ్దాన్ని పీల్చే సరుకు బాగా పనిచేయాలంటే దాని మందం ఆ శబ్ద తరంగం పొడవులో పావు వంతు దాకా ఉండాలి. 100 హెర్ట్జ్ తరంగం పొడవు మూడున్నర మీటర్లు, పావంటే దాదాపు 85 సెంటీమీటర్లు. కప్ లోతు మూడు సెంటీమీటర్లు. కాబట్టి కప్‌లోని దూది పీల్చగలిగేది బేస్‌ను కాదు, పై స్వరాలనే. గోడకు అంటించిన దూదికన్నా గోడకు కాస్త ఎడంగా, డ్రైవర్ వైపు ఉన్న దూది ఎక్కువ పనిచేస్తుంది, గట్టి గోడ దగ్గర గాలి కదలదు, కదలని గాలిని దూది ఏం చేయగలదు? ఒక్కో కప్‌లో అర గ్రాముతో మొదలుపెట్టి, అర గ్రాము చొప్పున పెంచుతూ వినడం సరైన పద్ధతి. బంగారం అంగళ్లలో వాడే చిన్న డిజిటల్ తూకం లాంటివి ఇప్పుడు తక్కువకే వస్తున్నాయి. కుడికీ ఎడమకూ ఒకే బరువు పెట్టకపోతే గాయని మధ్యలో నిలబడదు, ఒక చెవివైపు జరుగుతుంది.

మరి ఆ దూదితో నిజంగా తీరే జబ్బు ఏంటంటే, ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుని నిలిచిపోయే తరంగాలు. లోపల గోడల మధ్య దూరం 4 సెంటీమీటర్లు అనుకుంటే, 25 డిగ్రీల దగ్గర సెకనుకు 346 మీటర్లు పోయే శబ్దం అక్కడ 4,300 హెర్ట్జ్ ప్రాంతంలో ప్రతిధ్వనిస్తుంది. వయొలిన్ కమాను గీత, నాదస్వరం మొన ఆ చోట చెవిని గుచ్చుతాయి. ఇంకో చిన్న ముచ్చట, 42 డిగ్రీల ఎండలో శబ్దం వేగం 357 మీటర్ల దాకా పెరుగుతుంది, ఆ గుచ్చే చోటు 4,450 దగ్గరికి జరుగుతుంది. చెవికి తెలిసే తేడా కాదు కానీ, జనవరిలో తీసిన కొలతనూ మే కొలతనూ పక్కన పెట్టి పోల్చేవాళ్లు గుర్తుంచుకోవాలి. 4,300 హెర్ట్జ్ తరంగంలో పావు వంతు 2 సెంటీమీటర్లే, అంత దూది కప్‌లో హాయిగా పడుతుంది. మందు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

కప్ విప్పేటప్పుడు జాగ్రత్త గురించి ఎంత చెప్పినా తక్కువే. లోపలున్నవి నియోడిమియం అయస్కాంతాలు. ఇనుప స్క్రూడ్రైవర్ డ్రైవర్‌కు రెండు అంగుళాల దూరం వచ్చేసరికి చేతిలో బరువు మారినట్టు అనిపిస్తుంది. ఇంకా దగ్గరికి పోతే లాగేసుకుంటుంది, చెయ్యి ఆపేలోగా మొన పోయి ఫిల్మ్‌లో దిగుతుంది. చిన్న చిల్లు, అంతే, ఆ డ్రైవర్ ఇక లేదు. స్క్రూ ఊడి జారినా ఇదే ప్రమాదం. అందుకే స్క్రూ చివరి చుట్టు వేళ్లతో విప్పాలి, కప్‌ను డ్రైవర్ కిందికి ఉండేలా పట్టుకోవాలి, డ్రైవర్ బయటపడగానే దాని మీద ఒక అట్టముక్క కప్పాలి. లోపల పట్టుకోవడానికి ప్లాస్టిక్ చిమటా వాడాలి. పని చేసే బల్ల మీద అంతకుముందు ఆకురాయితో ఇనుము రుద్ది ఉంటే, ఆ బల్ల మీద అసలు విప్పొద్దు. ఆ ఇనుప పొడి గాల్లో లేచి అయస్కాంతాన్ని వెతుక్కుంటూ వస్తుంది, ఒకసారి అంటుకుంటే ఊదినా పోదు. బేతంచెర్ల బండలు కోసే మిషన్ల పక్క వీధిలో ఇల్లు ఉంటే కిటికీలు మూసి, బల్లను తడిగుడ్డతో తుడిచి మొదలుపెట్టాలి. ఆ దుమ్ము అయస్కాంతానికి అంటదు కానీ ఫిల్మ్ మీద చేరితే అదీ నష్టమే. డ్రైవర్ దగ్గరున్న టంకం జోలికి మాత్రం పోవద్దు. ఫిల్మ్ మీది లోహపు దారికి కరెంటు అందించే ఆ చిన్న అతుకు వేడికి తట్టుకోదు.

కప్‌కు బరువు తగిలించే పని గురించి తక్కువ మాటల్లో చెప్పొచ్చు. పలచటి ప్లాస్టిక్ కప్ తట్టితే టక్‌టక్‌మని మోగితే, లోపలివైపు కారు తలుపులకు వేసే బ్యూటైల్ షీటు చిన్న ముక్క అంటిస్తే ఆ మోత చస్తుంది. తట్టినప్పుడు మోగనిదానికి ఇది అక్కర్లేదు, మెడకు బరువు తప్ప లాభం లేదు. షీటు కొనేటప్పుడు తారుతో చేసిన చౌక రకం కాకుండా చూసుకోవాలి. ఎండాకాలం మన రోడ్ల మీద తారు చెప్పులకు అంటుకున్నట్టు అది కప్‌లో కరిగి జారుతుంది, డ్రైవర్ మీద పడితే గోవిందా. పిల్లలు ఆడుకునే నూనె బంకమట్టి కూడా అంతే, చలిదేశాల వాళ్లు వాడి బాగుందన్నారని ఇక్కడ వాడితే ఏప్రిల్‌కల్లా మెత్తబడిపోతుంది.

తెరిచి ఉండే హెడ్‌ఫోన్లకు, హైఫైమ్యాన్ మోడళ్ల లాంటివాటికి, బయటి జాలీ తీసేసి ఇంకా పలచటి జాలీ వేసే మార్పు బాగా ప్రచారంలో ఉంది. కారణం సరైనదే. వెనక్కి పోయిన శబ్దం దట్టమైన జాలీకి తగిలి తిరిగి ఫిల్మ్ మీదికి వస్తే ముందు శబ్దంతో కలిసి మసకబారుతుంది. కంపెనీలే అయస్కాంతాల అంచుల్ని గుండ్రం చేసి గాలికి దారి ఇస్తున్నాయి, ఆడెజ్ అయితే ఫేజర్ అని అయస్కాంతాల మీద చిన్న ప్లాస్టిక్ ముక్కులే పెట్టింది, అంటే తిరిగి కొట్టే శబ్దం నిజమైన సమస్యే. కానీ ఫిల్మ్ వెనక అయస్కాంత కడ్డీలే సగం దారి మూసి ఉన్నచోట, బయటి జాలీ మార్పుతో వచ్చే తేడా చిన్నదే. చేయాలనుకుంటే చేయొచ్చు, ప్యాడ్ సందు మూసినంత ఫలితం ఆశించొద్దు. ఎర్రమట్టి దుమ్ము లేచే ఊళ్లో ఆ జాలీ వెనక పలచటి నల్లగుడ్డ మాత్రం తీసేయకూడదు.

వైరు మార్చడం దగ్గర లెక్క వేసి చూస్తే చాలు. మామూలు హెడ్‌ఫోన్ల నిరోధకత స్వరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ప్లానార్లలో దాదాపు ఒకే గీతలా ఉంటుంది. టీ50ఆర్‌పీ మార్క్ త్రీకి 50 ఓమ్‌లు. వైరులో అర ఓమ్ ఉందనుకున్నా పోయేది 0.1 డెసిబెల్ కూడా కాదు, అది కూడా బేస్‌లో, గొంతులో, ట్రెబుల్‌లో సమానంగా పోతుంది. అంటే శబ్దం రంగు మారదు. పాత వైరు తెగితే, గట్టిగా ఉండి చొక్కాకు రాసుకుని మోత చేస్తుంటే మార్చాలి, శబ్దం కోసం వేలు పోసి వెండి వైరు కొనొద్దు. ఆ డబ్బు ఆంప్లిఫయర్‌కు పెట్టడం మేలు. అదే మోడల్‌కు 1 మిల్లీవాట్ ఇస్తే 92 డెసిబెల్‌లు వస్తాయి. ఫోన్‌కు తగిలించే, 1 వోల్ట్ ఇచ్చే చిన్న డాంగిల్‌తో 20 మిల్లీవాట్లు, అంటే 105 డెసిబెల్‌ల శిఖరం. వినడానికి సరిపోయినట్టే ఉంది కదా, కానీ సాఫ్ట్‌వేర్‌లో బేస్ 6 డెసిబెల్‌లు పెంచాలంటే ముందు మొత్తం అంత తగ్గించుకోవాలి, శిఖరం 99కి దిగుతుంది, నెమ్మదిగా రికార్డు చేసిన కచేరీల్లో అప్పుడు తనివి తీరదు.

సాఫ్ట్‌వేర్ మాట వచ్చింది కాబట్టి అసలు ప్రశ్నకు వద్దాం. ఏ స్వరం ఎంత ఉండాలో మార్చే ఈక్వలైజర్లు, విండోస్ కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్, ఉచితంగానే దొరుకుతుంటే విప్పడం ఎందుకు? ఈ ప్రశ్న న్యాయమైనది. ప్లానార్ ఫిల్మ్ బేస్‌ను పెద్దగా వంకరపోకుండా ఇవ్వగలదు, అందుకే 100 హెర్ట్జ్ కింద నాలుగైదు డెసిబెల్‌లు పెంచితే మామూలు హెడ్‌ఫోన్ల కంటే శుభ్రంగా తీసుకుంటుంది. ఎక్కువ తక్కువలు సరిచేయడానికి ఈక్వలైజరే మంచి మందు, క్షణంలో మార్చొచ్చు, క్షణంలో తీసేయొచ్చు. అది చేయలేనివి కొన్ని ఉన్నాయి. సందులోంచి కారిపోయే బేస్‌ను సాఫ్ట్‌వేర్‌తో పెంచితే సందులోంచి ఇంకా ఎక్కువ కారుతుంది, తల కాస్త తిప్పితే మొత్తం మారిపోతుంది. కుడి కప్ ఒక తీరు, ఎడమ కప్ ఒక తీరు కారుతుంటే దాన్ని అది ఏం సరిచేస్తుంది? కప్ మోత, పోగు గరగర, చెమట ఇవేవీ దాని చేతిలో లేవు. కాబట్టి గాలి పనులు చేతితో, మిగిలిన ఎక్కువ తక్కువలు సాఫ్ట్‌వేర్‌తో. ముందు సందులు మూసి, ఆ తర్వాతే ఈక్వలైజర్ తెరవాలి. వరస తిరగబడితే అదే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

మార్పు నిజంగా వచ్చిందో లేదో తెలుసుకోవడం మార్పు చేయడం కన్నా కష్టం. విప్పి, దూది పెట్టి, బిగించి, మళ్లీ వినేసరికి అరగంట అవుతుంది, శబ్దం సన్నని తేడాల్ని మనసు అంతసేపు మోయలేదు. చేసిన శ్రమకు ఫలితం కావాలని మనసు కోరుకుంటుంది కూడా. దీనికి సులువైన దారి ఒకటుంది: ఒకే వైపు మార్చడం. ఎడమ కప్‌ను అలాగే వదిలేసి కుడిది మాత్రం మార్చి, పాటను మోనోలో, అంటే రెండు వైపులా ఒకటే వినిపించేలా పెట్టి, కుడీ ఎడమా మార్చి మార్చి వినాలి. తర్వాత హెడ్‌ఫోన్‌నే తిప్పి పెట్టుకుని మళ్లీ వినాలి, ఎందుకంటే రెండు చెవులూ ఒకేలా వినవు. తేడా కప్‌తోపాటు అటు నుంచి ఇటు వస్తే అది మార్పు వల్లే. చెవి దగ్గరే ఉండిపోతే అది చెవిది.

కొలవాలనుకునేవాళ్లకు రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక చిన్న మైకు చాలు. చదునైన చెక్కకు మైకు పట్టేంత రంధ్రం చేసి, మైకును చెక్కతో సమంగా బిగించి, ప్యాడ్‌ను దాని మీద ఆనించి కొలవాలి. వచ్చే గీత నిజమైన చెవి వినేదానిలా ఉండదు, దాన్ని చూసి మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పకూడదు, మార్పుకు ముందు గీతనూ తర్వాత గీతనూ పోల్చడానికే అది. ప్రతిసారీ హెడ్‌ఫోన్ తీసి మళ్లీ పెట్టి ఐదుసార్లు కొలిచి సగటు చూడాలి. ఏమీ మార్చకుండా తీసి పెట్టినా ట్రెబుల్ గీత రెండు మూడు డెసిబెల్‌లు అటూ ఇటూ జరుగుతుంది, అంతకన్నా చిన్న తేడాను మార్పు ఖాతాలో వేయకూడదు.

వినే వేళ కూడా ముఖ్యమే. తెరిచి ఉండే ప్లానార్లలో బయటి చప్పుడు నేరుగా లోపలికి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లలో కూలర్ ఆగదు, ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటుంది. ఆ బుయ్‌మనే మోత సరిగ్గా బేస్ ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు కూర్చుని మైక్రోపోర్ ఒక పొర బాగుందా రెండు పొరలు బాగుందా అని తేల్చబోతే జవాబు చెప్పేది కూలరే. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్య ఫ్యాన్ ఆపేసి, కిటికీ మూసి, పాల బండ్లు తిరగక ముందే ఒక గంట విని రాసుకోవడం మేలు. ఒక పూటకు ఒకే మార్పు. ప్యాడ్, టేపు, దూది మూడూ ఒకేరోజు మారిస్తే ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు.

వారంటీ ఉన్న హెడ్‌ఫోన్ అయితే విప్పే పనులన్నీ ఆ గడువు దాటాక పెట్టుకోవాలి. సర్వీసంటే హైదరాబాదో బెంగళూరో కొరియర్ చేయాలి, విప్పిన గుర్తు కనబడితే అటునుంచి అటే వెనక్కి వస్తుంది. ప్యాడ్లు, ఫోమ్ టేపు, ఈక్వలైజర్ ఈ మూడూ విప్పకుండా చేసుకునేవే, ఆ ఏడాది రెండేళ్లు వీటితో గడిపేయొచ్చు, చాలామందికి అక్కడితోనే కోరిక తీరిపోతుంది కూడా. విప్పక తప్పనివాళ్లు మూత తెరవగానే ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి, లోపలున్న ఫెల్ట్ పొర ఏ వైపు ముఖం పెట్టి ఉందో తెలిసేలా. బయటికి తీసిన ప్రతి ముక్కనూ చిన్న కవర్లలో వేసి, కుడి, ఎడమ, తేదీ రాసి, స్క్రూలను వాటితో కలపకుండా వేరే డబ్బాలో, అయస్కాంతానికి దూరంగా పెట్టాలి.